బంతిలో మూడో చోటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అంగన్‌వాడీ టీచర్ని, పిల్లల మీద చూపించలేను కాబట్టి వంట చేసే మా ఆయమ్మ మీద చూపిస్తుంటాను. ఆవిడేం తక్కువ తినలేదు, వెంటనే తిరగబడుతుంది.

ధవళేశ్వరంలో కాలువ గట్టు పక్కన మా సెంటరు. వరి ఊడ్పులు మొదలైన వారం, సోమవారం పొద్దున్నే ఒకావిడ నాలుగేళ్ల కూతుర్ని చంకనెత్తుకుని వచ్చింది. ఆ పిల్లకి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి. ఆసరా లేకపోతే పక్కకి ఒరిగిపోతుంది.

"ఇంటి దగ్గర ఎవరూ లేరండి. ఇక్కడ అన్నం తింటే చాలు, ధైర్యంగా పనికెళ్తాను. శనివారం దాకా చూస్తానండి. తినకపోతే పొలం గట్టు మీదే పడుకోబెట్టుకుంటాను," అంది.

రాజమండ్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయిని బతిమాలి, నడుముకి పట్టీ, వీపుకి దన్ను ఉన్న కుర్చీ మర్నాటికల్లా తెప్పించాను. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి కుర్చీ వేయడమే మొదటి మర్యాద. అందుకని గది మధ్యలో వేసి, పిల్లని మహారాణిలా కూర్చోబెట్టి, నా గొప్పకి నేనే మురిసిపోయాను.

మిగతా పిల్లలు పెళ్లి భోజనాల్లోలాగే కింద చాప మీద బంతిగా కూర్చుంటారు. వాళ్లు తలలెత్తి చూసి, "మేడం గారూ, నమస్తే అండీ" అని కిసుక్కున నవ్వారు. పిల్ల పెదవులు బిగించేసింది. పప్పన్నం పెడితే మొహం తిప్పుకుంది. గుడ్డు పెట్టినా అంతే. బుధవారం, గురువారం కూడా అదే వరస. తల్లి సాయంత్రం వచ్చి పిల్ల పొట్ట తడిమి చూసి ఎత్తుకెళ్లేది. తిట్టినా బాగుండేది.

శుక్రవారం ఆయమ్మ గరిటె పట్టుకుని నా ముందు నిలబడింది.

"ఏంటండీ మీరు? అందరూ బంతిలో కూర్చుంటే దాన్నొక్కదాన్నీ అటక మీద పెట్టారు. ఎలా తింటదండి?"

"నీకేం తెలుసు, అది దాని నడుం కోసం!" అని కసిరాను.

కసిరానే గానీ, ఆ పూట నాకూ ముద్ద దిగలేదు. నడుముకి పట్టీ కావాలి, నిజమే. ఎత్తు ఎవరికి కావాలి? నాకే. చచ్చేంత సిగ్గేసింది.

ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోన్ చేశాను. "కుర్చీ కాళ్లు తీసేయొచ్చు మేడం, బోల్టులే కదా. మోకాళ్ల కింద మాత్రం ఎత్తు పెట్టండి," అంది. సాయంత్రం వడ్రంగి వచ్చి విప్పేశాడు. మోకాళ్ల కింద పెట్టడానికి ఆయమ్మ పాత చీర చుట్ట చుట్టి తెచ్చింది. ముసిముసిగా నవ్వుకుంటూనే తెచ్చింది, మహాతల్లి.

శనివారం పిల్లని బంతిలో మూడో చోట, అందరి భుజాలకీ సమానంగా కూర్చోబెట్టాం. తల్లి పనికి వెళ్లకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. ఆత్రం పట్టలేక నేను ముందు ఈ పిల్ల కంచంలోనే వడ్డించబోయాను. బిగుసుకున్న ఆ చెయ్యి వణుకుతూ లేచి కంచానికి అడ్డంగా పడింది. అయ్యో, ఇవాళ కూడా తినదా అనుకుని గరిటె వెనక్కి తీసుకున్నాను.

పక్కనున్న పిల్ల నా మీద గయ్యిమంది. "టీచర్ గారూ, ముందు మాకు! దానికి తర్వాత!"

మొదటి కంచంలో వడ్డించాను. రెండో కంచంలో వడ్డించాను. మూడో కంచం దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి పక్కకి జరిగి ఉంది, నోరు తెరుచుకుని ఉంది. ముద్దలు చేసి పెట్టాను. సగం అన్నం చాప మీద పడింది. సగం కడుపులోకి వెళ్లింది.

తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని, "సోమవారం ఎన్నింటికి తీసుకురమ్మంటారండి?" అంది.