తొగావా వారి లెన్సు మూత

ఆ శనివారం పొద్దున యసుజి తొగావా రెండు కాళ్ళకూ రెండు రంగుల మేజోళ్ళు వేసుకుని బయల్దేరాడు. ఒసాకాలో రిటైరయ్యేదాకా ట్రాము నడిపి, ఒక్కనాడైనా స్టాపు దాటించని మనిషి. అలాంటివాడు రోజూ వెళ్ళే కాఫీ హోటలే దాటి పోయి, భార్య హిసాయె వెనక నుంచి పిలిస్తే తిరిగొచ్చాడు. ఆయన సంబరం అలాంటిది మరి. ఇవాళ తన పాత కెమెరా వైడ్ లెన్సు అమ్ముడుపోతుంది, సాయంత్రంలోగా ఓడ టిక్కెట్ల డబ్బు కట్టేస్తారు, బుధవారం ఇద్దరూ బెప్పు వెళతారు.

బెప్పు అంటే పెళ్ళైన కొత్తలో వాళ్ళు వెళ్ళిన వేడినీటి బుగ్గల ఊరు. మేనమామ ఇచ్చిన ఈ లెన్సుతోనే అప్పుడు రీలంతా తీశాడు. కడిగిస్తే ఒక్క బొమ్మా లేదు. మూత తీయకుండానే తీశాడు. ఈ పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలతో వచ్చిన చిక్కే అది. మన కన్ను ఒక కిటికీలోంచి చూస్తుంది, లెన్సు దారి లెన్సుది. మూత ఉన్నా మనకు లోకమంతా కళకళలాడుతూనే కనబడుతుంది.

కెమెరా సంచి మోసింది హిసాయె కాబట్టి మూత పెట్టింది ఆవిడేనని యసుజి తేల్చేశాడు. తేల్చి ఊరుకున్నాడా? పెళ్ళి విందుల్లో, డిపోలో, ఆఖరికి పళ్ళ డాక్టరు దగ్గర కూడా ఆ కథ చెప్పి నవ్వించాడు. హిసాయె కూడా నవ్వేది. కాని కొత్త పెళ్ళికూతురిగా తన ఫొటో ఒక్కటైనా లేదే అన్న దిగులు ఆవిడ మనసులో ఉంది. అది ఆయనకూ తెలుసు. అందుకే ఈ ప్రయాణం, అందుకే ఈ అమ్మకం. కెమెరాకు మామూలు లెన్సు ఇంకొకటి ఉంది, ఫొటోలకు అది చాలనుకున్నాడు.

ఆ కాఫీ హోటల్లో శనివారం కెమెరా పిచ్చివాళ్ళంతా చేరతారు. అక్కడ లెన్సు అమ్మాలంటే ఒక పద్ధతుంది. ఆ వారంలోనే దానితో ఒక రీలు తీసి, కడిగించి, అందరి ముందూ కిటికీ వెలుతురుకు పట్టి చూపించాలి. అది అయ్యాకే ధర మాట. యసుజి వచ్చేదారిలోనే స్టూడియోలో రీలు తీసుకున్నాడు. స్టూడియో ఆయన మొహం ఒకలా పెట్టి ఏదో చెప్పబోయాడు. వింటేగా.

కొనడానికి వచ్చిన అషిదా అనే నర్సు రొట్టె, ఉడికిన గుడ్డు పక్కకు జరిపి బల్ల తుడిచింది. అందరికీ పెద్ద అయిన కాన్బే కవరు విప్పి, రీలు కిటికీకేసి ఎత్తాడు. వెలుతురే సోకనట్టు ఈ చివర నుంచి ఆ చివరదాకా గాజులాగా ఖాళీ. ఎదురుగా వెళుతున్న ట్రాము అందులోంచి చక్కగా కనబడింది.

"ఒరేయ్ యసూ," అన్నాడు కాన్బే తాపీగా, "దీంట్లో నాకు కనబడే బొమ్మ ఆ ట్రామొక్కటే రా."

లెన్సు అమ్ముడుపోకపోతే పోనీ, బెప్పు పోయినట్టే అనుకున్నాడు యసుజి. చెవులు ఎర్రబడ్డాయి.

హిసాయె కప్పు కింద పెట్టింది. "ఏవండీ, ఈ రీలు తీసేటప్పుడు నేను మా చెల్లెలింట్లో ఉన్నాను. సంచి మోసింది మీరే. మరి మూత ఎవరు పెట్టారంటారు?"

హోటలంతా గొల్లుమంది. యసుజి లేచి, నడుం బాగా వంచి, భార్యకు దణ్ణం పెట్టాడు. వంగినప్పుడు మేజోళ్ళు బయటపడ్డాయి. ఇంక హిసాయె ఆగలేకపోయింది. బల్ల మీద తల వాల్చి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తప్పు తనది కాదని తెలిసిన ఆనందం అంత తేలిగ్గా అణిగేది కాదు.

నవ్వులు సద్దుమణిగాక అషిదా పర్సు తీసింది. రీలు చూడందే బేరం కుదరదని కాన్బే గుర్తు చేశాడు.

"మూత తీయడం మర్చిపోవడం నాకూ అయింది తాతగారూ," అందా పిల్ల. "అల్మారాలో దాచుకునేవాళ్ళకి ఇలా జరగదు, వాడేవాళ్ళకే జరుగుతుంది. తొగావా గారూ, డబ్బు ఇప్పుడే ఉంచండి. లెన్సు బెప్పు పట్టుకెళ్ళండి. ఆ రీలే నాకు చూపిద్దురుగాని."

కాన్బే గుడ్డు వలుచుకుంటూ ఆలోచించి, వచ్చే శనివారం కూడా ఈ వారం కిందికే వస్తుందని తీర్పిచ్చాడు.

బెప్పులో ఓడ దిగగానే హిసాయె మూత ఊడదీసి తన చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగేసింది. వైడ్ లెన్సు కదా, మనిషి పెద్దగా పడాలంటే దగ్గరికి రావాలి. యసుజి ఎంత దగ్గరికి వచ్చాడంటే, ఆవిరిలో ఆవిడ కళ్ళజోడు, ఈయన కళ్ళజోడు ఒకేసారి మసకబారాయి.

మరుసటి శనివారం కాన్బే రీలు ఎత్తాడు. నిండా హిసాయే. జుట్టు ఎగిరిపోతూ, పుడ్డింగు తింటూ, దగ్గరికి రావద్దని చెయ్యి అడ్డం పెడుతూ. యసుజి ఊపిరి పీల్చుకుని లెన్సు అప్పగించాడు. దీని మూత ఏదని అషిదా అడిగింది.

హిసాయె సంచిలోంచి కొత్త మూత తీసి ఇచ్చింది, ఎర్రగా మెరుస్తున్నది.

"పాతది అమ్మం తల్లీ," అంది. "ఈయన మళ్ళీ ఎక్కడైనా ఆ కథ మొదలుపెడితే, తీసి బల్ల మీద పెట్టాలి."