బేతంచెర్ల బడిలో తాసిల్దారు మీసాలు

రెండో ప్రపంచ యుద్ధం మొదలు కావడానికి ముందటి ఏడు, ఆగస్టు నెలలో, నన్ను నెల్లూరు నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. చేపల శాఖలో సబ్ అసిస్టెంటును. నా పైన అసిస్టెంటు, ఆయన పైన నాలుగు జిల్లాలు చూసే అధికారి, ఆ పైన మద్రాసు. నా కింద మాత్రం నాలుగు రేకు డబ్బాలు. దోమపిల్లల్ని తినే చిన్న చేపల్ని ఆ డబ్బాల్లో పోసుకుని ఊరూరా తిరిగి బావుల్లో వదలడం, ఆ ఊళ్లో చలిజ్వరాలు తగ్గాయో లేదో రాసి పంపడం నా ఉద్యోగం. రైల్లో పోతుంటే రెండు స్టేషన్లకోసారి దిగి డబ్బాల్లో సగం నీళ్లు మార్చాలి. మొత్తం మార్చకూడదు, కొత్త నీళ్లకు చేప బెదురుతుంది.

నేను సముద్రం పక్కన పుట్టినవాణ్ణి. కర్నూలులో నేను భోంచేసే హోటలు ఆయన మొదటి రోజే నా ఉద్యోగం ఏమిటో అడిగి, విని, చాలాసేపు నవ్వాడు. మనుషులకే నీళ్లు లేని చోట చేపలకు అధికారి ఎందుకప్పా అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

నవంబరులో ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. బేతంచెర్ల దగ్గర రాతిగనుల పేటలో చర్చివాళ్ల చిన్న బడి, దాని టీచరమ్మ ఎస్తేరమ్మ రాసింది. మా తాసిల్దారుకు మీసాలు రాలిపోతున్నాయి, వారం రోజులుగా తిండి సరిగా లేదు, దయచేసి వచ్చి చూడవలెను అని ఉంది. మా అసిస్టెంటు దాన్ని రెండుసార్లు చదివి, ఇది డాక్టరుకు పోవలసిన కాగితం అనుకుని పక్కన పెట్టబోయాడు. నేను కింది వరుస చూపించాను. తాసిల్దారు గాజుతొట్టిలో పెంచుతున్న చేప అని అక్కడ రాసి ఉంది. ఆయన ఎర్రసిరాతో ‘వెళ్లి చూసి నివేదించవలెను’ అని గిలికి నా వైపు తోశాడు. నేను డోన్‌లో బండి మారి బుధవారం మధ్యాహ్నానికి బేతంచెర్లలో దిగాను.

ఎస్తేరమ్మకు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. తండ్రి దావీదు గనిలో నాపరాయి తీసి, చేత్తో అరగదీసి నునుపు చేసే పనివాడు. పేటలో పిల్లలు నడక రాగానే రాళ్లు మోయడానికి పోయేవాళ్లు, బడికి వచ్చేవాళ్లు కాదు. కిందటి తనిఖీలో ఇన్స్పెక్టరు, వచ్చేసారికి హాజరు పెరగకపోతే ఈ బడి మూసేయవలసిందే అని రాసిపోయాడు. ఆ దిగులులో ఉండగా ఆమెకు వాగు ఇసుకలో ఈ చేప దొరికింది. ఇంగ్లీషులో లోచ్ అంటారు. వేలెడంత పొడుగు, ఒంటి మీద మచ్చలు, నోటి చుట్టూ మూడు జతల మీసాలు. వాగు ఎండితే తడి ఇసుకలో దూరి బతికే మొండి ప్రాణి. మీసాలు చూసి పిల్లలే దానికి తాసిల్దారు అని పేరు పెట్టారు. ప్రతి ఉదయం హాజరు పిలిచేటప్పుడు చివరన ఆమె తాసిల్దారు పేరు కూడా పిలిచేది. చేప కనబడగానే పిల్లలంతా ‘ఉండాడు’ అని అరిచేవాళ్లు. ఆ ఒక్క అరుపు కోసం పేట పిల్లలు పనులెగ్గొట్టి బడికి రాసాగారు. తొమ్మిదిమంది కాస్తా నలభై అయ్యారట.

తనిఖీ శనివారం. చేప చచ్చిపోతే పిల్లలు మళ్లీ గనికి పోతారని ఆమె భయం. “తాసిల్దారు పోతే బడి పోతాదయ్యా,” అంది.

తొట్టి చూసి నేను ముచ్చటపడ్డాను. టేకు చట్రం, నాలుగు వైపులా గాజు. అడుగున అద్దంలా మెరిసే నాపబండ, దాని మీద పచ్చవి, నల్లవి, ఊదారంగువి రాతి ముక్కలు. అంతా దావీదు పనేనట. కూతురి బడి కోసం గనిలో ఉన్న మంచి రాయంతా ఏరి తెచ్చి కొట్టి పోశాడు. అంత అందమైన తొట్టి మద్రాసులో కూడా చూడలేదని అన్నాను. ఆ మెచ్చుకోలే నా కళ్లు కప్పిందని తర్వాత తెలిసింది.

చేపను పరీక్షించడంలో మాకో వరుస ఉంది. మొదట ముట్టుకోకుండా చూడాలి: ఊపిరి నిమిషానికి ఎన్ని, రెక్కలు ముడుచుకుందా, మూలకు చేరిందా. తర్వాత నీళ్లు. ఆ తర్వాతే తడిచేత్తో పట్టుకుని తడిబట్ట మీద పెట్టి చూడాలి. పొడిచెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు పోతుంది. నేను అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను. నీళ్లలో సున్నం ఎక్కువే, కానీ అది పుట్టిన వాగులోనూ అంతే. ఆరు మీసాల్లో నాలుగు మొదళ్ల దాకా పోయాయి. మూతి దగ్గర తెల్లటి దూది లాంటి బూజు, పొట్ట కింద ఎరుపు. బూజు తెగులు అని అక్కడికక్కడే తేల్చేశాను. శాఖ పుస్తకంలో దానికి ఉప్పునీళ్ల స్నానం రాసి ఉంది. పళ్లెం నీళ్లలో ఉప్పు కలిపి చేపను వదిలాను.

అది ఒక్క ఎగురు ఎగిరి పళ్లెం బయట పడింది. పిల్లలు గొల్లుమన్నారు. గబగబా మంచినీళ్లు పోసిన ఇంకో పళ్లెంలో వేశాను. పుస్తకంలో రాసింది పెద్ద పొలుసుల చేపలకు. దీని పొలుసులు కంటికి కూడా ఆనవు, పైగా ఒళ్లంతా గీరుకుపోయి ఉంది. పుండు మీద కారం చల్లడం అంటారే, నేను సర్కారు జీతం తీసుకుని అక్షరాలా ఆ పని చేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం దావీదు గని నుంచి వచ్చాడు. కనురెప్పల మీద కూడా రాతిపొడి ఉంది. పళ్లెం పక్కన గొంతుకూర్చుని చేపను చాలాసేపు చూశాడు. తర్వాత గని నుంచి తనతో వచ్చిన ఒక కుర్ర పనివాడి చెయ్యి పట్టి తిప్పి నాకు చూపించాడు. వేళ్ల కొసలు చర్మం లేచిపోయి, ఎర్రగా, అంచుల్లో తెల్లగా ఉన్నాయి.

“వీడు పనికొచ్చి నెల కాలేదయ్యా. కొత్తోళ్లందరికీ ఇట్లనే ఐతాది,” అన్నాడు. పళ్లెంలో చేపను చూపించి, “ఇది కూడా రాతిపనే చేస్తాండాది,” అన్నాడు.

నేను జేబురుమాలు తడిపి తొట్టి అడుగున ఆ రాతి ముక్కల మీద ఈడ్చాను. ఒక్క ఈడ్పుకు నూలుపోగులు లేచాయి. అప్పుడు అంతా అర్థమైంది. ఈ చేప మీసాలతో నేలను తడుముకుంటూ తిండి వెతుక్కుంటుంది, బెదిరితే ఇసుకలో దూరుతుంది. ఇక్కడ తడిమితే పదును, దూరబోతే బండ. ముందు గీరుకుపోయింది, ఆ గాయానికి తర్వాత బూజు పట్టింది. నేను వెనకొచ్చినదాన్ని పట్టుకుని ముందొచ్చినదాన్ని వదిలేశాను.

దావీదు ముఖం చిన్నబోయింది. తన చేతులతోనే దాన్ని చంపబోయానని గొణిగాడు. ఎస్తేరమ్మ, “నాయనా, నువ్వు చూడబట్టే కదా తెలిసింది,” అంది. నేను కూడా నా ఉప్పు సంగతి గుర్తు చేశాను. ఇద్దరం నేరస్థులమే అన్నాను. దానికి అతను నవ్వాడు.

మర్నాడు పొద్దున బడి మొత్తం వాగులో ఉంది. పలకల మీద, టోపీల్లో, ఓణీ చెరగుల్లో ఇసుక మోసుకొచ్చారు. మట్టి తేలడం మానేదాకా కడిగించాను. దావీదు తన రాళ్లన్నీ తనే ఏరి బయట పెట్టాడు. బూజు పోవడానికి, బావుల్లో వేసే పర్మాంగనేటు మందు నీళ్లకు లేత గులాబీరంగు వచ్చేంత కలిపి, చేపను అందులో కాసేపు మాత్రమే ఉంచి, కొత్త ఇసుక పోసిన తొట్టిలోకి వదిలాను. అది ఒక్కసారి మూతితో ఇసుక తాకి, మరుక్షణం మాయమైంది. చచ్చి మునిగిపోయిందని ఏడ్చినవాళ్లున్నారు. నేను వేలితో చూపించాను. ఇసుకలోంచి రెండు కళ్లు మమ్మల్నే చూస్తున్నాయి. ఆ కళ్లు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

బేతంచెర్ల బావులు పరిశీలించే పని పెట్టుకుని నేను శనివారం దాకా ఉండిపోయాను. నిజానికి అక్కడ బావులు రెండే. ఇన్స్పెక్టరు తలపాగా, కళ్లజోడుతో వచ్చి కూర్చుని హాజరు పిలవమన్నాడు. నలభై పేర్లూ అయ్యాయి, అందరూ ఉన్నారు. ఆఖరున ఎస్తేరమ్మ గొంతు సవరించుకుని, “తాసిల్దారు,” అంది. ఇన్స్పెక్టరు ఉలిక్కిపడి లేచి, తలపాగా సర్దుకుని వాకిలి వైపు చూశాడు. వాకిట్లో ఎవరూ లేరు. తొట్టిలోనూ ఉత్త ఇసుకే ఉంది. ఎస్తేరమ్మ వానపాము ముక్క ఒకటి నీళ్లలో జారవిడిచింది. కాసేపటికి ఇసుక కదిలింది. మచ్చల తల, మిగిలిన రెండు మీసాలు బయటికొచ్చి, ముక్కను అందుకుని మళ్లీ లోపలికి పోయాయి.

“ఉండాడు!” అని బడి పైకప్పు లేచిపోయేలా అరిచారు. ఆ పూట పని మానుకుని వచ్చిన దావీదు అందరికన్నా గట్టిగా అరిచాడు. ఇన్స్పెక్టరుకు సంగతి చెప్పేసరికి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. బడి కొనసాగించవచ్చు అని అక్కడే రాశాడు. ఆరోజు నేను ఆ పిల్లలంత సంతోషంగా ఉన్నాను. రెండు నెలల తర్వాత మళ్లీ పోతే, పోయిన మీసాల్లో మూడు సగం దాకా మొలిచాయి. దావీదు ఏరి తీసిన రంగురాళ్లు బడి గడప ముందు మెట్టుగా పరిచి ఉన్నాయి.

మా నివేదికలో ‘తెగులు నిర్ధారించినవారు’ అని ఒక గడి ఉండేది. అందులో ‘దావీదు, నాపరాయి పనివాడు’ అని రాశాను. ఇతని అర్హత ఏమిటో తెలుపవలెను అని ఎర్రసిరాతో తిరిగి వచ్చింది. ‘ఇరవై ఏళ్లుగా అదే రాయి’ అని రాసి పంపాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. పింఛను తీసుకునే దాకా ఏ తొట్టి దగ్గరికి పోయినా నేను మొదట చొక్కా చెయ్యి మడిచి అడుగున తడిమి చూశాను, చేపను ఆ తర్వాతే చూశాను.