కిటికీ ఏసీ పలికిన సా

మొన్న బ్యాంకులో వరుసలో నిలబడి ఉండగా గోడకున్న పాత కిటికీ ఏసీ గుర్రుమంటూ మొదలైంది. నాకు తెలియకుండానే గొంతులో "సా..." అని కలిపాను. ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, ఒంట్లో బాగాలేదా అన్నట్టు చూశాడు. బాగానే ఉంది. ఆ మోత వింటే నాకు సత్తిబాబు మేస్త్రి గుర్తొస్తాడు. నవ్వూ వస్తుంది.

తొంభైల్లో మేమిద్దరం బహ్రెయిన్‌లో ఒకే కంపెనీలో ఉండేవాళ్లం. జింజ్‌లో ఫ్లాట్లు కడుతున్న రోజులవి. ఆయన తాపీమేస్త్రి, నేను ఆయన చేతికింద సిమెంటు మాల్ అందించే కూలీని. ఆయనది కోనసీమ, నాది జగిత్యాల పక్క పల్లె. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది కాబట్టి మొదట్లో హిందీలో తిట్టుకునేవాళ్లం. క్యాంపులో మా మంచాలు పక్కపక్కనే. డ్యూటీ దిగాక ఆయన గోడకు ఆనుకుని, కుడి ముంజేతి మీద ఎడమచేతి వేళ్లు ఆడిస్తూ ఏదో గొణుక్కునేవాడు.

"దురద పెడుతున్నదా మేస్త్రీ? మలాం తేవాల్నా?" అన్నాను ఓ రోజు.

"మలాం కాదెహె, వైలిన్. హరికథలకి వాయించేవోణ్ణి. దాన్ని అమ్మే ఈ వీసా కొన్నాను" అన్నాడు. పాత సైకిల్ అమ్మిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను నీళ్లు తాగడానికి లేచాను.

ఊరికి వెళ్లేవాళ్లంతా టేప్ రికార్డర్ పట్టుకెళ్లే కాలం. నేనూ దానికే డబ్బు కూడబెట్టాను. ఓ శుక్రవారం బేరమాడటానికి తోడుగా మేస్త్రిని మనామాలో పాత సామాన్ల దుకాణానికి తీసుకెళ్లాను. టేప్ రికార్డర్ల పై అరలో రెండు వైలిన్లున్నాయి. ఒకటి ఎర్రగా, పెళ్లికొడుకులా మెరుస్తూ మఖ్మల్ పెట్టెలో ఉంది. రెండోది నల్లగా, పెట్టె కూడా లేకుండా పడి ఉంది. మేస్త్రి టేప్ రికార్డర్ల వైపు చూడనే లేదు.

"రెండూ ఓపాలి దింపమను" అన్నాడు.

గోడ తిన్నగా వచ్చిందో లేదో చూసినట్టే ఒక కన్ను మూసి వైలిన్ మెడ పొడవునా చూశాడు. తీగలు బిగించే బిరడాలు తిప్పాడు. ఎర్రదాని బిరడా బిగించినంత సేపూ జారిపోతూనే ఉంది. నల్లది పట్టి నిలిచింది. చూస్తుండగానే ఆయన దుకాణం నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, వైలిన్ తలను కాలి చీలమండ మీద ఆనించాడు. దుకాణదారు నోరెళ్లబెట్టాడు.

"అరే భాయ్, ఐసే నహీ!" అంటూ గడ్డం కింద పెట్టుకోమని సైగ చేశాడు.

"మా వైపు ఇలాగే" అని తెలుగులోనే చెప్పి మేస్త్రి కమాను తీగల మీద ఆనించాడు.

అంతవరకూ ఆయన గొణుగుడే విన్నాను. ఆ రోజు విన్నదేమిటో నాకు రాగం పేరు తెలియదు. ఒళ్లు జలదరించింది. అంతలోనే ఆపేసి వేళ్లు చూసుకున్నాడు. పగుళ్లలోంచి రక్తం వస్తోంది. "సిమెంటు తినేసింది వీటిని. నీయి ఇంకా బాగున్నాయి" అన్నాడు.

టేప్ రికార్డర్ మానేసి, ఆయన దగ్గర నేర్చుకుందామని నల్లది కొన్నాను. ఉన్నదంతా దానికే పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "తీగలకి ఉంచుకో. తెగితే ఏం సేత్తావ్?" అని, బేరమాడి ఎర్రదాని కమానును నల్లదానికి ఇప్పించాడు.

క్యాంపులో నవ్వని వాడు లేడు. వాళ్ల ముందు గొప్పగా ఉండాలని మర్నాడు కమాను వెంట్రుకలకు కొబ్బరినూనె పట్టించి నున్నగా దువ్వాను. కమాను మూగబోయింది. మేస్త్రి కడుపు పట్టుకుని నవ్వి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, పట్టు కోసం రోజిన్ బంక రుద్దాడు. "దీనికి గరుకుంటేనే పలుకుద్దిరా నాయనా!"

అప్పటికి ఆయన కాంట్రాక్టు ఆరు నెలలే మిగిలింది. ఆయన వెళ్లిపోతే నాకు చెప్పేవాడుండడు. అందుకే నాకు పాటల తొందర. ఆయన మాత్రం తీగలు శ్రుతి కలపడం తప్ప ఇంకేమీ చెప్పడు. శ్రుతిపెట్టె లేదు. గదిలో కిటికీ ఏసీ మోతే మా సా. దానితో ఒక తీగ కలిపి, మిగతావి దాన్నిబట్టి కలపాలి. ఏసీ కాసేపు ఆగి మళ్లీ మొదలయ్యేది. ఆగినంత సేపూ సా ను లోపలే పట్టుకుని, అది మొదలవగానే సరిచూసుకోవాలి. ప్రతిసారీ నేను కిందికో పైకో జారేవాణ్ణి. తల ప్రాణం తోకకొచ్చేది.

"ఒక్క పాటన్న నేర్పు మేస్త్రీ! గీ మోత ఎన్నొద్దులు వినాలె?" అని కసిరాను.

"పాట ఎవడైనా నేర్పుతాడు. రేపు శ్రుతి తప్పితే నీకిక్కడ ఎవడు సెప్తాడు?" అన్నాడు. ఒళ్లు మండి రెండు రోజులు వైలిన్ ముట్టలేదు. ఆయన పట్టించుకోలేదు.

వెళ్లే రోజు ఎయిర్‌పోర్టు వ్యాను వచ్చింది. సామాను ఎక్కించాక మేస్త్రి నా వైలిన్ తెమ్మన్నాడు. చివరిసారి వాయిస్తాడనుకున్నాను. నాలుగు బిరడాలూ గిరగిరా తిప్పి తీగలన్నీ వదులు చేసి నా చేతిలో పెట్టాడు.

"కలుపు."

"ఈడ ఏసీ లేదు గద మేస్త్రీ!"

"అందుకే."

ఎర్రటి ఎండలో గేటు పక్క మట్టిలో కూర్చున్నాను. ఏసీ మోతను తలుచుకుంటూ మొదటి తీగ బిగించాను. రెండో తీగ దగ్గర ఉండగా డ్రైవర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ హారన్ కొట్టాడు. మేస్త్రి వ్యాను ఎక్కి, కిటికీలోంచి నన్ను కాదు, నా వేళ్లనే చూస్తున్నాడు. మూడో తీగకు వ్యాను కదిలింది. తల ఎత్తితే సా పోతుందని నేను ఎత్తలేదు. చెయ్యి కూడా ఊపలేదు. ఏడుస్తూనే నాలుగోది బిగించాను.

గదిలోకి పోయి ఏసీ వేశాను. అది మొదలయ్యేదాకా ఊపిరి బిగబట్టి, మొదలవగానే కమాను లాగాను. రెండూ ఒక్కటే పలికాయి. ఆ సంగతి చెబుదామని పక్క మంచం వైపు తిరిగాను.

ఆయన్ను మళ్లీ చూడలేదు. పాటలు తర్వాత ఇంకెవరో నేర్పారు, కొన్ని మరిచిపోయాను కూడా. మొన్న బ్యాంకులో నా వంతు వచ్చేసరికి ఏసీ ఆగిపోయింది. కౌంటర్లో అమ్మాయి ఏం కావాలని రెండుసార్లు అడిగింది. సా ను లోపలే పట్టుకుని, ఏసీ మళ్లీ మొదలయ్యేదాకా నేను జవాబు చెప్పలేదు.