వేడి సూదిని దాచి సాక్ష్యం చెప్పలేను

సహోదరీ సహోదరులారా, నా ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలిందని ఇంట్లో చెప్పిన రోజున, ఆసుపత్రికి వెళ్దామని ఎవరూ అనలేదు. మా అత్తయ్య ముందు వీధి తలుపు మూసి వచ్చింది.

"ఇలాటి రోగం ఊసు బయటికెల్తే పరువేటవుద్ది? నోరు మూసుకుని ప్రార్థన సేసుకో" అంది.

నేను రత్నకుమారిని. అనకాపల్లిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టుకుంటాను. కొలతలు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్లు గొంతు తగ్గించి "ఇక్కడ ఏదో గట్టిగా ఉందే" అని చెప్పి, మళ్లీ తామే "ఎవరితోనూ అనకేం" అని బతిమాలి వెళ్లిపోయేవారు. కాలికి దెబ్బ తగిలితే నలుగురిలో చెప్పుకోవచ్చు, రొమ్ముకు రోగం వస్తే మాత్రం చేసిన పాపమేదో దాచినట్టు దాచాలి. ఈ నియమం ఎవరు పెట్టారో గాని, నా దేవుడైతే పెట్టలేదు.

ఆ నెలలోనే మన ఊళ్లో స్వస్థత ప్రార్థనల కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన బోధకుడు జబ్బుగా ఉన్నవాళ్లను ముందుకు పిలిచాడు. నా పక్కనే కశింకోట నుంచి వచ్చిన మరియమ్మ మోకరించింది, ఆమెకూ నాలాంటి గడ్డే. ఆయన మా ఇద్దరి తలల మీదా నూనె రాసి, గడ్డ పోయిందని ప్రకటించి, ఇక డాక్టరు సూదిని నమ్ముకుంటే వచ్చిన స్వస్థత వెనక్కి పోతుందని మైకులో చెప్పాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చి చూసుకుంటే నా గడ్డ ఉన్నచోటే ఉంది. ఆ మాట మా సంఘపెద్ద భార్యతో చెబితే, నా విశ్వాసంలోనే లోపముందని నన్నే తప్పు పట్టింది.

నా భర్త యేసుదాసు ఆటో నడుపుతాడు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం వాళ్లమ్మ ఎదురుగానే ఆటో తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"ప్రార్థన మానమని నేననలేదు. దారంతా సేసుకో. పద, వైజాగ్ ఎల్దాం" అన్నాడు.

విశాఖపట్నంలో పరీక్షలు చేసి అది క్యాన్సరేనని, ఇంకా చిన్నగానే ఉందని, చంకలోకి పాకలేదని చెప్పారు. మామూలుగా ఆపరేషన్ చేసి తీసేస్తారట. కాని చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం వల్ల నా గుండె కవాటం పాడైంది, పూర్తి మత్తు ఇవ్వడం ప్రమాదమన్నారు. అప్పుడు అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని చెన్నైలో ఒక ఆసుపత్రికి పంపింది. చిన్న గడ్డల్ని కోయకుండా సూది వేడితో లోపలే మాడ్చేసే పద్ధతి అక్కడ కొత్తగా మొదలుపెట్టారట. అక్కడి డాక్టరు ఏదీ దాచలేదు. ఇది అందరికీ పనికిరాదని, గడ్డ పెద్దదైతే కుదరదని, తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని ఏళ్ల తరబడి మాత్రలు వాడాలని, పరీక్షలకు వస్తూనే ఉండాలని వివరంగా చెప్పి, దీనికి ఒప్పుకుంటావా అని నన్ను అడిగారు. నా ఒంటి గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే.

నేను మెలకువగానే ఉన్నాను. చోటు మాత్రం మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, చర్మం కాలకుండా మంచు సంచులు పెట్టి, స్కానింగ్ తెరలో చూస్తూ సన్నని సూదిని గడ్డ నడిమికి దించారు. లోపల ఏదో నెమ్మదిగా కాగుతున్నట్టు అనిపించింది. నేను కళ్లు మూసుకున్నాను.

"తండ్రీ, నాకు బయమేత్తంది. నా బయం నువ్వు సూసుకో, ఈయన సెయ్యి నువ్వు పట్టుకో" అని ప్రార్థించాను. ఆ చెయ్యి తొణకలేదు. తర్వాత చేసిన పరీక్షల్లో అక్కడ బతికున్న క్యాన్సర్ కణం కనబడలేదు. దేవునికే మహిమ!

ఇంటికి చేరగానే కూటాల పెద్దలు వచ్చారు. "గడ్డ ప్రార్థనకే కరిగిపోయిందని సెప్పమ్మా, ఆసుపత్రి ఊసెత్తకు. ఇశ్వాసులు బలపడతారు" అన్నారు. అబద్ధం మీద బలపడేది విశ్వాసమెలా అవుతుందని అడిగితే, నాకు గర్వం పెరిగిందన్నారు.

నేను మరుసటి రోజే కశింకోట వెళ్లాను. మరియమ్మ గడ్డ అప్పటికే పుండైంది. నాతో ఆసుపత్రికి రమ్మని చెయ్యి పట్టుకుంటే ఆమె లేవబోయింది. ఆమె మరిది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"దేవుడు బాగుసేసేక డాక్టరుకి సూపిత్తే ఆయన్ని అవమానించినట్టే" అన్నాడు.

మరియమ్మ నన్ను చూస్తూ, "నాకూ ఎల్లాలనే ఉందక్కా" అంది. నేను మళ్లీ వెళ్లాను, నా భర్తను వెంటబెట్టుకుని కూడా వెళ్లాను. చివరికి వాళ్లు తలుపే తియ్యలేదు. ఆమె సమాధి రాయి మీద ప్రభువునందు నిద్రించెనని చెక్కించారు. ఆమెను ఆసుపత్రికి పోనివ్వనిది ప్రభువు కాదు, మనుషులు. వాళ్లలో కొందరు ఈ ఉదయం ఈ బల్లల మీదే కూర్చున్నారు. నాకు కోపంగా ఉంది, ఆ కోపాన్ని పాపమని నేను ఒప్పుకోను.

బైబిల్లో పుండు పడిన రాజు కోసం దేవుని మాట మోసుకొచ్చిన ప్రవక్త, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని కూడా చెప్పాడు. ఆ ముద్ద కట్టించుకున్నందుకు రాజుకు విశ్వాసం లేదని ఎవరైనా అన్నారా?

నా దేవుడు నూనెలోనూ ఉన్నాడు, ఆ సూది మొన మీద వేడిలోనూ ఉన్నాడు. ఆయనకు నా ప్రాణమంతటితో వందనాలు. తల్లులారా, చెల్లెళ్లారా, ఆయన్ని నమ్మండి, నమ్మి లేవండి. చేతికి ఏదైనా తగిలితే ఈ వారమే చూపించుకోండి. ఆరాధన అయ్యాక ఆడవాళ్ల వైపు గుమ్మం దగ్గర నేను నిలబడి ఉంటాను. ఏమీ చెప్పనక్కర్లేదు, వచ్చి నా చెయ్యి పట్టుకుంటే చాలు. బయట యేసుదాసు ఆటోలో కూర్చుని ఉన్నాడు.