చీరలు అమ్మలేని గొంతు

డిగ్రీ చదివి, పెళ్లయి, పాప పుట్టాక నేను వెతుక్కున్న మొదటి ఉద్యోగం గొంతుతో చేసేది. అది దొరికిందో లేదో నాకింకా సరిగ్గా తెలియడం లేదు.

అమలాపురంలో ఒక సెల్‌ఫోన్ల షాపు మేడ మీద చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. ఆటోకి మైకు కట్టి ఊళ్లు తిప్పే ప్రకటనలు అక్కడే తయారవుతాయి. ఆడగొంతు కావాలట అని మా ఆయన ఫోన్ గ్రూపులో చూసి చెప్పారు. పాపను అత్తయ్యగారికి అప్పగించి రాజోలులో బస్సెక్కాను. ఈ పని వస్తే హైదరాబాదు వెళ్లక్కర్లేదు, పాపను వదలక్కర్లేదు. ఇది కాకపోతే ఇంకేముందో నాకు తోచలేదు.

గోడల నిండా గుడ్ల అట్టలు అంటించిన గది. స్టూడియో నడిపే ఆయన కాగితం ఇచ్చారు. చీరల షాపు ప్రారంభోత్సవం. చదివాను. ఆయన హెడ్‌ఫోన్లు తీసి తల గోక్కున్నారు.

"తప్పు చదివానాండి?"

"అబ్బే, ఒక్క తప్పు లేదండి. గొంతు బంగారమండి. కానీ చీరలు కొనాలనిపించట్లేదండి. పాపాలు ఒప్పేసుకోవాలనిపిస్తోంది."

ఎక్కడ తేడా వచ్చిందో అర్థమైంది. చిన్నప్పటి నుంచి ఆదివారం ప్రసంగానికి ముందు మా చర్చిలో బైబిలు వాక్యం చదివేది నేనే. చదువు రాని పెద్దవాళ్లు నా వెంటే ఆ మాటలు లోలోపల అనుకుంటారు కాబట్టి, ప్రతి వచనం చివర వాళ్ల కోసం ఆగాలి. "పట్టుచీరలపై ప్రత్యేక తగ్గింపు" అన్నాక కూడా అలాగే ఆగాను.

"ఇంట్లో పాపతో ఎలా మాట్లాడతారో అలా చదివి పంపండి, చూద్దాం" అన్నారు ఆయన.

ఇంటికొచ్చి, ఫోనులో రికార్డు నొక్కి పాపతో మాట్లాడబోయాను. ఏమీ తోచలేదు. రోజూ ఏమంటాను? అన్నం తిను. గుమ్మం దాటకు. తిరిగి వింటే అవీ ఆజ్ఞల్లాగే ఉన్నాయి. చీరల ప్రకటనే మళ్లీ చదివి, రికార్డు చేసి ఇంట్లో వినిపించాను. అత్తయ్యగారు కళ్లు మూసుకుని విని, చివర్లో "ఆమేన్" అన్నారు.

"అత్తయ్యగారూ!"

"ఏం చెయ్యనే అమ్మాయ్, అలవాటు. అయినా ఇది విన్నాక ఆ షాపుకెళ్లి ఎవరైనా నవ్వుతూ చీర కొంటారంటావా?"

అయినా పంపాను. కొన్నాళ్లు జవాబు లేదు. ఆ రోజుల్లో పాపను పిలవాలన్నా గొంతు సవరించుకునేదాన్ని. తర్వాత స్టూడియో ఆయనే ఫోన్ చేశారు.

"చీరలకి వేరే అమ్మాయిని పెట్టేమండి. మీకు ఇంకో పని ఉందండి, ఆదరణ కూడిక ప్రకటన. మొన్న ఒకటి ఆ అమ్మాయే చదివేసింది. పోయినావిడ ఇంట్లోవాళ్లు వచ్చి, మా అమ్మ మీద డిస్కౌంటేమైనా పెట్టేరా అని దులిపేసేరండి. మీరైతే సరిగ్గా సరిపోతారు. చేస్తారా?"

"ఆయ్" అనేశాను. చనిపోయినవాళ్ల ఇంట జరిగే ప్రార్థనకు ఊరిని పిలవడం నా మొదటి రికార్డింగ్ అయింది.

నిన్న మధ్యాహ్నం ఆ ప్రకటన ఆటో మా వీధిలోకి వచ్చింది. పోయింది ఎవరో పెద్దావిడ, నేనెరగని మనిషి. రికార్డులో ఆవిడ పేరు చెప్పి ఆగాను. పిల్లల పేర్లు చెప్పి ఆగాను. కొబ్బరికాయలు వలుస్తున్న పక్కింటాయన చెయ్యి ఆపి, ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డారు. బాగా చదివానని సంతోషం కలిగింది, వెంటనే సిగ్గేసింది. నా చంకలో ఉన్న పాప ఆటో వైపు చూసి "అమ్మ" అంది. తర్వాత నా వైపు తిరిగి, మూసి ఉన్న నా పెదవుల మీద వేలు పెట్టింది.

ఈ సాయంత్రం మళ్లీ ఫోను. "రేపు పొద్దున్నే వచ్చేయండి, ఇంకోటుందండి. ఇక ఇవన్నీ మీకేనండి."

పని వచ్చిందని ఒక్క క్షణం ఎగిరాను. ఆ తర్వాతే అడిగాను, ఎవరు పోయారని.

"ఎవరే ఫోను?" అన్నారు లోపలి నుంచి అత్తయ్యగారు. నవ్వుతూ చెప్పాలో, మెల్లగా చెప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాను.