విల్లు రాపిడనుకున్న గడ్డ

మా నాయన్ని చంపిన గడ్డని నేను ముందే చూశాను. పట్టపగలు, మూరెడు దూరంలో నిలబడి చూశాను. చూసి కూడా నా సంగతే చెప్పుకుంటూ పోయాను. ఇప్పుడూ ముందు నా సంగతే చెప్తున్నాను, చూడండి.

మేం దూదేకులవాళ్లం. మా ఇంట్లో నాకంటే ముందు సంతకం చెయ్యడం వచ్చినవాళ్లు లేరు. నేను గుంటూరులో బీయస్సీ పాసయ్యి, మద్రాసులో ఓ ప్రయోగశాలలో చేరాను. అక్కడ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది, గదికి గది అదే. కాన్సరొచ్చిన లింఫు గ్రంథుల ముక్కలు ఆస్పత్రి నుంచి సీసాల్లో వచ్చేవి. వాటిని గాజుకత్తితో కంటికి ఆననంత పల్చటి పొరలుగా కొయ్యడం నా పని. ఆ కణాల్లో డీఎన్ఏ కొంత నల్లగా ముద్దకట్టి ఉంటుంది, కొంత విడివడి ఉంటుంది. విడివడిందే పనిచేస్తోందా అన్నది మేం తేల్చాలి. కణాలకి ముందే రేడియోధార్మిక మందు పట్టిస్తే, పని జరిగేచోట ఫొటోలో నల్ల నలుసులు పడాలి. నెలల తరబడి తిన్నగా పడలేదు. ఒకరోజు పడ్డాయి, విడివడ్డ చోటే, అదీ నేను కోసిన పొరలో! మా ప్రొఫెసరుగారు భుజం తట్టి ఆ ఫొటో కాపీ ఒకటి నాకిచ్చారు. సెలవు పెట్టి, రైలెక్కి, చీరాల్లో దిగాను.

నాయన ఓ రైతు వాకిట్లో విల్లు మీటుతూ పరుపుకి దూది ఏకుతున్నాడు. పక్కన బాబాయి ఏకిన దూది కుప్పపోస్తున్నాడు. గాలంతా నూగు.

"నాయనా, ఇదిగో! నేను తీసిందే!"

బాబాయి తొంగిచూశాడు. "ఏందిరా ఇది? ఇంత చదువూ చదివి బూజుకి ఫొటో తీశావా?"

"బూజు కాదు బాబాయ్! కాన్సరు కణం, లోపలంతా!"

నాయన పంచెకి చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. వేలు పెట్టి, "ఇది ఏకిన దూది. ఇది ఇంకా ఏకాల్సింది," అన్నాడు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "అదే నాయనా! ఏకిన చోటే పని జరుగుతోంది! ఈ నలుసులే రుజువు!"

"ఎవరిదిది?"

"ఎవరో పేషెంటుది. మెడలో గ్రంథి."

"మెడలోనా?" విల్లు పక్కన పెట్టాడు. "ఎట్టా ఉన్నాడు మరి ఆ మనిషి?"

నాకు తెలీదు. సీసా మీద నంబరే తెలుసు. ఆ మనిషి ఆడో మగో కూడా నేనెప్పుడూ అడగలా.

"అది డాక్టర్లు చూసుకుంటారు. మాకొచ్చేది ముక్కే నాయనా. ఎంత బాగా వచ్చిందో చూడు, ఇంత స్పష్టంగా మా దగ్గర ఎవరికీ రాలా!"

"బాగా వచ్చిందిలే." ఫొటో నా చేతిలో పెట్టి తువ్వాలు సర్దుకోబోయాడు. అప్పుడు కనపడింది. ఎడమ భుజం మొదట్లో, మెడ వంపులో, నిమ్మకాయంత గడ్డ. పక్కనే పసుపుకొమ్ము కాల్చి పెట్టిన వాత.

"అదేంది?"

"విల్లు రాపిడిరా."

నమ్మాను. వేరే ఇంట్లో పుట్టినవాడైతే నమ్మేవాడు కాదు. విల్లు భుజానేసుకుని ఊరూరూ తిరిగేవాళ్లకి అక్కడే కాయ కాస్తుంది. మా తాతకి ఉండేది, బాబాయికి ఉంది. అది లేని భుజం మా ఇంట్లో నాదొక్కటే. వేలు పెట్టి నొక్కినా తెలిసేది. కాయ తోలులోనే ఉంటుంది, గడ్డ తోలు కింద దొర్లుతుంది. రోజంతా ఆ గ్రంథులే కోసేవాణ్ణి, ఒక్క వేలు పెట్టలేదు. మూడురోజులుండి, ఊళ్లో ఇంటింటికీ ఫొటో చూపించి వెళ్లిపోయాను.

తర్వాత అమ్మ చెప్పింది. నేను రావడానికి రెండు నెలల ముందే అది లేచిందట. గుంటూరు ఆస్పత్రికి పోదామంటే, "మనోడు వస్తాడుగా, వాడు చూసి చెప్తాడు" అని ఆగాడట. నేను తిరిగి వెళ్లిపోయిన రోజు మాత్రం, "ముక్క కోసుకుని ఫొటో తీస్తారంట. మనిషి సంగతి వీళ్లకి పట్టదంట. నేను పోను," అన్నాడట.

ముద్ద మింగుడుపడకుండా అయ్యాక బండిలో పడుకోబెట్టి గుంటూరు తెచ్చారు. తంతి అందుకుని నేనూ దిగాను. డాక్టరు మెడ తడిమి చూసి, చంకలు చూసి, అమ్మ మీద అరిచాడు.

"ఇంతదాకా ఏం చేస్తున్నారమ్మా? ఇంట్లో చదువుకున్నవాళ్లెవరూ లేరా?"

తెల్లచొక్కా వేసుకుని నేను ఆమె పక్కనే ఉన్నాను. అమ్మ నావైపు చూడలా.

"లేరు బాబూ," అంది.

నేను కాదనలా.