చార్జర్లకిచ్చిన నీడ

నేను ఏడో తరగతి స్టాపులోనే దిగిపోయినవాణ్ని. అయినా కువైట్‌లో మా డిపో కరెంటు బస్సులకు చార్జర్లు ఎక్కడ పెట్టాలో తేలిన రోజున పక్కనే ఉన్నాను, మజ్జిగ గ్లాసులు అందిస్తూ.

షుఐబా దారిలో ఉన్న ఆ డిపోలో నాది బస్సులు కడిగే పని. అక్కడ నీడంటే ఒక్కటే, డ్రైవర్ల రేకుల షెడ్డు. పాత బస్సుల్లోంచి పీకిన సీట్లు వేసుకుని, రేకుల మీద తడి గోనెసంచులు పరిచి, మేమే దాన్ని చల్లబరుచుకున్నాం. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య కోనసీమ డ్రైవరొకాయన అక్కడే నడుం వాల్చేవాడు. అప్పటికే ఒకసారి ఎండదెబ్బకు కూలబడ్డాడు. "ఇంకోసారి పడితే ఇఖామా ఖలాస్, పర్మిట్టు రద్దు, ఇంటికే" అని సూపర్‌వైజరు చెప్పేశాడు. అందుకే ఆయన సీటు జోలికి ఎవరమూ పోయేవాళ్లం కాదు.

"పెద్దాయనా, ఆ సీటుకు టికెట్టు కొన్యావా ఏంది?" అని నేను గిల్లేవాణ్ని.

"ఆయ్, సీజన్ పాసండి బాబూ" అనేవాడు కళ్లు తెరవకుండానే.

ఒక వేసవి చివర్లో చార్జర్లకు ప్లాను వేయడానికి హైదరాబాదు ఇంజినీరు, ఇద్దరు సర్వేయర్లు వచ్చారు. ఎండలో టేపు పట్టుకుని తిరుగుతుంటే ముఖాలు కందిపోయాయి. వచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టడం మా కడపలోనూ లేదు, ఆయన గోదావరిలోనూ లేదు. పెద్దాయనే లేచి వెళ్లాడు.

"రండి సార్, ఇలా నీడలో కూర్చోండి. కొలతలెక్కడికీ పారిపోవండి."

ఇంజినీరును తన సీట్లోనే కూర్చోబెట్టాడు. నేను అక్కడి లబన్ పెరుగులో నీళ్లు, ఉప్పు, అల్లం కలిపి మజ్జిగ చేసిచ్చాను. రెండో గ్లాసు తాగి, కాళ్లు బారజాపి, ఇంజినీరు పైకి చూశాడు.

"మస్తు సల్లగుందన్నా ఈడ. చార్జర్లు ఎండకు కాలితే కరెంటు సరిగ్గ ఇయ్యవు. నీడ ఏడుంటదా అని పొద్దటి సంది ఎతుకుతున్నం."

కూర్చున్నచోటే ప్లాను మీద మా షెడ్డు చుట్టూ గీత గీశాడు.

"మరి మేం యాడ కూకోవల్ల సార్?" అన్నాను, నవ్వుతూనే.

"డ్రైవర్లకు ఏసీ రూమే ఉందన్నా, రెండో విడతల."

పెద్దాయన ఖాళీ గ్లాసులు ఏరుకున్నాడు.

మరుసటి వేసవికల్లా షెడ్డులో చార్జర్లు బారులు తీరాయి. వాటికి లోపల ఫ్యాన్లు కూడా ఉన్నాయి. చుట్టూ కంచె. పెద్దాయన గోడవారన అట్టముక్క పరుచుకుని, నీడ జరిగినప్పుడల్లా తానూ జరిగేవాడు. "ఏం పెద్దాయనా, పాసు అయిపాయనా?" అని నోటిదాకా వచ్చేది. మింగేసేవాణ్ని. నడిఎండలో, నీడ గోడకే అంటుకుపోయిన వేళ, ఆ అట్టముక్క మీదే పడిపోయాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చింది డ్యూటీకి కాదు, పెట్టె సర్దుకోవడానికి.

మొన్న రెండో విడత సర్వేకి అదే ఇంజినీరు వచ్చాడు. డ్రైవర్ల గది ఎక్కడ కడితే బాగుంటుందని అడిగాడు.

"ఆ పెద్దమనిషి ఏడన్నా? ఆయన్నడిగితే మంచి జాగ సూపెడ్తడు."

"ఆయన జాగా మీకే ఇచ్చి పాయ గదా సార్" అన్నాను.

ఆయనకు అర్థమైందో లేదో తెలీదు. మజ్జిగ అయితే కలిపిచ్చాను. ఇద్దరం ఎండలోనే నిలబడి తాగాం.